మీడియా వన్ ప్రసార అనుమతి వివాదం

మీడియా వన్ ప్రసార అనుమతి వివాదం అనునది కేరళ రాష్ట్రంలోని కోజికోడ్ (కాలికట్) కేంద్రంగా నడచుచున్న మలయాళ వార్తా ఛానెల్ మీడియా వన్‌కు, కేంద్ర ప్రభుత్వానికి మధ్య 2022, 2023 సంవత్సరాలలో జరిగిన న్యాయవివాదం. దేశభద్రతా కారణాలను చూపి కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2022 జనవరి 31న ఈ ఛానెల్ అనుమతిని రద్దు చేసినది. ఆ కారణాలేమిటో ఛానెల్ యాజమాన్యానికి తెలుపలేదు. కేరళ హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించగా, 2023 ఏప్రిల్ 5న సుప్రీం కోర్టు దానిని కొట్టివేసి, అనుమతిని పునరుద్ధరించవలసినదిగా ఆదేశించినది. "మాధ్యమం బ్రాడ్‌కాస్టింగ్ లిమిటెడ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా" అను పేరు గల ఈ తీర్పు పత్రికా స్వేచ్ఛ, సహజ న్యాయ సూత్రాలు, "సీల్డు కవరు" పద్ధతి అను మూడు విషయాలలో ముఖ్యమైనదిగా పరిగణింపబడుచున్నది.

ఛానెల్ నేపథ్యం

మీడియా వన్ ఛానెల్‌ను మాధ్యమం బ్రాడ్‌కాస్టింగ్ లిమిటెడ్ అను సంస్థ నిర్వహించుచున్నది. ఇదే సమూహానికి చెందిన "మాధ్యమం" అను మలయాళ దినపత్రిక 1987లో కోజికోడ్‌లో ప్రారంభమైనది. ఈ సమూహానికి జమాతే ఇస్లామీ హింద్ కేరళ శాఖతో సంబంధం ఉన్నదని చెప్పబడుతూ వచ్చినది. తరువాతి కాలంలో వివాదానికి ఈ అంశమే ఒక ఆధారమైనది.

సంస్థ 2010లో వార్తా ఛానెల్ కొరకు దరఖాస్తు చేసుకున్నది. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2011 ఫిబ్రవరిలో భద్రతా అనుమతిని మంజూరు చేసినది. ఆ మీదట 2011 సెప్టెంబరు 30న సమాచార, ప్రసార శాఖ పది సంవత్సరాల కాలపరిమితితో అప్‌లింకింగ్ అనుమతిని ఇచ్చినది. ప్రసారాలు 2013 ఫిబ్రవరి 10న మొదలైనవి.

2020 మార్చిలో ఢిల్లీ అల్లర్ల వార్తల విషయమై మీడియా వన్, ఏషియానెట్ న్యూస్ అను రెండు మలయాళ ఛానెళ్ళపై కేంద్రం 48 గంటల నిషేధం విధించినది. కేబుల్ టెలివిజన్ నిబంధనలలోని కార్యక్రమ నియమావళిని అతిక్రమించారన్నది నాటి ఆరోపణ. మార్చి 6 సాయంత్రం అమలులోకి వచ్చిన ఆ నిషేధాన్ని మరునాటి ఉదయానికే ఎత్తివేశారు. ఈ ఘటనకు, 2022 నాటి రద్దుకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మొదటి దానిలో ఏ ప్రసారంపై అభ్యంతరమో స్పష్టంగా చెప్పారు. రెండవ దానిలో ఏమీ చెప్పలేదు.

ప్రసార అనుమతి విధానం

భారతదేశంలో దినపత్రికను స్థాపించుటకు, టెలివిజన్ ఛానెల్‌ను స్థాపించుటకు చట్టం దృష్టిలో చాలా వ్యత్యాసం ఉన్నది. పత్రికకు పేరు నమోదు వంటివి ఉంటే చాలును. హోం శాఖ భద్రతా అనుమతి అవసరం లేదు. ప్రైవేటు ఉపగ్రహ ఛానెల్‌కు మాత్రం ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఈ అనుమతి రెండు విధాలుగా ఉంటుంది.

అప్‌లింకింగ్: కార్యక్రమాల సంకేతాలను భూమిపై గల కేంద్రం నుండి ఉపగ్రహానికి పంపుటకు ఇచ్చు అనుమతి.

డౌన్‌లింకింగ్: ఉపగ్రహం నుండి ఆ సంకేతాలను దేశంలో స్వీకరించి, కేబుల్, డీటీహెచ్ సంస్థల ద్వారా ప్రేక్షకులకు అందించుటకు ఇచ్చు అనుమతి.

ఈ రెంటికీ సమాచార, ప్రసార శాఖ మార్గదర్శకాలను జారీ చేయును. 2011 డిసెంబరులో వెలువడిన మార్గదర్శకాలు ఈ వివాద కాలంలో అమలులో ఉండెను. వాటి స్థానంలో 2022 నవంబరు 9న ఏకీకృత మార్గదర్శకాలు వచ్చినవి. దరఖాస్తు అందిన తరువాత సంస్థ, దాని డైరెక్టర్ల వివరాలను హోం శాఖకు పంపుతారు. హోం శాఖ గూఢచార విభాగం (ఇంటెలిజెన్స్ బ్యూరో) నివేదికలను పరిశీలించి భద్రతా అనుమతి ఇవ్వవచ్చును, నిరాకరించవచ్చును. హోం శాఖ నిరాకరించినచో ప్రసార శాఖ అనుమతి ఇవ్వదు. అనగా అనుమతి పత్రంపై సంతకం ఒక శాఖది, అసలు నిర్ణయం మరొక శాఖది. ఛానెల్‌కు ఉత్తర ప్రత్యుత్తరాలు మొదటి శాఖతోనే గాని రెండవ శాఖతో ఉండవు.

ప్రసార తరంగాలు, రాజ్యాంగం

ప్రసారాలపై ప్రభుత్వ అధికారానికి మూలం బ్రిటిషు కాలం నాటి 1885 టెలిగ్రాఫ్ చట్టం. ఆ చట్టంలోని 4వ సెక్షను తంతి, నిస్తంతి వ్యవస్థలపై ప్రభుత్వానికి గుత్తాధికారాన్ని కల్పించి, ఇతరులకు లైసెన్సు ఇచ్చు అధికారాన్ని కూడ ఇచ్చినది. 1990 దశకం ఆరంభం వరకు ఈ గుత్తాధికారం దూరదర్శన్, ఆకాశవాణి రూపంలో కొనసాగినది.

1993లో జరిగిన హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసార హక్కుల తగాదా సుప్రీం కోర్టుకు చేరినది. 1995 ఫిబ్రవరి 9న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, అవి ప్రభుత్వ గుత్తాధికారంలో ఉండరాదని ప్రకటించినది. న్యాయమూర్తులు పి.బి. సావంత్, ఎస్. మోహన్, బి.పి. జీవన్ రెడ్డి ఆ ధర్మాసన సభ్యులు. వీరిలో జీవన్ రెడ్డి అంతకు పూర్వం ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఆయన విడిగా వ్రాసిన తీర్పు భారత ప్రసార రంగ చరిత్రలో తరచుగా ఉదహరింపబడుచున్నది.

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులకు వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చినది. పత్రికా స్వేచ్ఛ అందులో అంతర్భాగమని సుప్రీం కోర్టు అనేక పర్యాయాలు చెప్పినది. 19(2) అధికరణం దేశ సార్వభౌమత్వం, దేశభద్రత, శాంతిభద్రతలు, న్యాయస్థాన ధిక్కారం, పరువునష్టం మొదలైన నిర్దిష్ట కారణాలపై మాత్రమే ఆ స్వేచ్ఛకు సహేతుకమైన పరిమితులు విధించవచ్చునని తెలుపుచున్నది. పరిమిత సంఖ్యలో ఉన్న తరంగాల పంపకానికి లైసెన్సు అవసరమే. అయితే ఆ లైసెన్సు వార్తల స్వభావాన్ని నియంత్రించు సాధనంగా మారవచ్చునా అన్నది మీడియా వన్ కేసులోని మౌలిక ప్రశ్న.

వివాద క్రమం

సంస్థ ప్రారంభించదలచిన "మీడియా వన్ లైఫ్" అను మరొక ఛానెల్ విషయంలో తొలి అభ్యంతరం వచ్చినది. భద్రతా అనుమతి నిరాకరింపబడినదని, అందువలన రెండు ఛానెళ్ళ అనుమతులను ఎందుకు రద్దు చేయరాదో తెలుపవలెనని 2016 ఫిబ్రవరిలో ప్రసార శాఖ నోటీసు ఇచ్చినది. 2019 సెప్టెంబరులో మీడియా వన్ లైఫ్ అనుమతి రద్దయినది. అయితే ప్రధాన ఛానెల్ అయిన మీడియా వన్ ప్రసారాలు యథాతథంగా సాగినవి. 2019 జూలైలో దాని డౌన్‌లింకింగ్ అనుమతిని ప్రసార శాఖయే పొడిగించినది కూడ.

పది సంవత్సరాల అప్‌లింకింగ్ గడువు 2021 సెప్టెంబరు 29తో ముగియనుండగా, సంస్థ 2021 మే నెలలో పునరుద్ధరణకు దరఖాస్తు చేసినది. 2021 డిసెంబరు 29న హోం శాఖ భద్రతా అనుమతిని నిరాకరించినది. 2022 జనవరి 5న ప్రసార శాఖ షోకాజ్ నోటీసు పంపినది. హోం శాఖ భద్రతా అనుమతి ఇవ్వలేదు కనుక అనుమతిని ఎందుకు రద్దు చేయరాదన్నదే అందలి ప్రశ్న. అనుమతి ఎందుకు నిరాకరించారో అందులో లేదు. తమకు కారణం తెలియనందున సమాధానం చెప్పుట సాధ్యం కాదని, వివరాలు తెలిపి అవకాశం ఇవ్వవలెనని సంస్థ ప్రత్యుత్తరం ఇచ్చినది. వివరాలు ఇవ్వకయే జనవరి 31న ప్రసార శాఖ రద్దు ఉత్తర్వు జారీ చేసినది.

హైకోర్టు తీర్పులు

సంస్థ వెంటనే కేరళ హైకోర్టును ఆశ్రయించినది. హైకోర్టు మొదట ఉత్తర్వు అమలును తాత్కాలికంగా నిలిపి, హోం శాఖ దస్త్రాలను తెప్పించుకొన్నది. ప్రభుత్వం వాటిని సీల్డు కవరులో న్యాయమూర్తికి సమర్పించినది. ఫిబ్రవరి 8న జస్టిస్ ఎన్. నగరేశ్ పిటిషనును కొట్టివేశారు. దానితో ఛానెల్ మూగపోయినది. ప్రధాన న్యాయమూర్తి ఎస్. మణికుమార్, జస్టిస్ షాజీ పి. చాలీలతో కూడిన ధర్మాసనం మార్చి 2న అప్పీలును కూడ తిరస్కరించినది.

ఈ తీర్పులకు సుప్రీం కోర్టు పూర్వ నిర్ణయాలు రెండు ఆధారమైనవి. ఒకటి విమానాశ్రయ సేవల సంస్థకు భద్రతా అనుమతి నిరాకరణకు సంబంధించిన 2014 నాటి ఎక్స్ ఆర్మీమెన్స్ ప్రొటెక్షన్ సర్వీసెస్ కేసు. రెండవది కేబుల్ సంస్థ అనుమతి రద్దుకు సంబంధించిన 2019 నాటి డిజి కేబుల్ నెట్‌వర్క్ కేసు. దేశభద్రత ముడిపడి ఉన్నప్పుడు ఎదుటి పక్షానికి కారణాలు చెప్పనవసరం లేదని ఈ రెండు తీర్పుల ఆధారంగా ప్రభుత్వం వాదించినది. సమస్య తీవ్రత, లోతు దస్త్రాలనుండి స్పష్టంగా తెలియుట లేదని హైకోర్టు ధర్మాసనమే వ్రాసినది. అయినను దేశభద్రతకు సంబంధించిన సూచనలు ఉన్నవని భావించి ప్రభుత్వం పక్షాన నిర్ణయించినది. ఈ రెండు వాక్యాల మధ్యగల అంతరాన్ని తరువాత సుప్రీం కోర్టు ఎత్తిచూపినది.

సుప్రీం కోర్టు విచారణ

సంస్థతో పాటు ఛానెల్ సంపాదకుడు ప్రమోద్ రామన్, కేరళ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ కూడ సుప్రీం కోర్టును ఆశ్రయించారు. 2022 మార్చి 15న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ విక్రమ్‌నాథ్‌ల ధర్మాసనం రద్దు ఉత్తర్వును నిలిపివేసి, పూర్వపు రీతిలో ప్రసారాలు చేసుకొనుటకు అనుమతించినది. అయిదు వారాల పాటు నిలిచిపోయిన ఛానెల్ తిరిగి ప్రసారాలు ప్రారంభించినది.

తుది విచారణ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీల ధర్మాసనం ముందు జరిగినది. హిమా కోహ్లీ అంతకు పూర్వం 2021లో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నవారు. 2022 నవంబరు 3న తీర్పును వాయిదా వేసి, 2023 ఏప్రిల్ 5న వెలువరించారు. అప్పటికి భారత ప్రధాన న్యాయమూర్తి అయిన చంద్రచూడ్ ఈ తీర్పును వ్రాశారు.

తీర్పులోని ముఖ్యాంశాలు

విధానపరమైన అంశాలు: ఒకరి హక్కును హరించు నిర్ణయం తీసుకొనునప్పుడు కారణం తెలుపుట, వాదన వినుట సహజ న్యాయ సూత్రాలలో ముఖ్యమైనవి. 1978 నాటి మేనకా గాంధీ కేసు తీర్పు నుండి ఇవి రాజ్యాంగపరమైన రక్షణలుగా గుర్తింపు పొందినవి. దేశభద్రత అను మాట పలికినంత మాత్రాన ఈ సూత్రాలు వాటంతట అవే తొలగిపోవని న్యాయస్థానం తెలిపినది. గోప్యత అవసరమని ప్రభుత్వం చెప్పదలచినచో రెండు విషయాలు చూపవలెను. మొదటిది, దేశభద్రత నిజముగా ముడిపడి ఉన్నదని చూపుట. రెండవది, ఆ భద్రత కొరకు సహజ న్యాయ సూత్రాలను కుదించుట సమంజసమని చూపుట. ఈ కేసులో రెండూ జరుగలేదని ధర్మాసనం అభిప్రాయపడినది.

ఆధారాల విలువ: గూఢచార నివేదికలలోని సమాచారం చాలవరకు బహిరంగంగా లభ్యమయ్యేదేనని, వాటిపై చేసిన ఊహలు మాత్రమే అందులో ఉన్నవని ధర్మాసనం గమనించినది. సంస్థ వాటాదారులకు జమాతే ఇస్లామీ హింద్‌తో సంబంధం ఉన్నదనుటకు తగిన ఆధారం లేదని తెలిపినది. ఆ సంస్థ నిషేధిత సంస్థ కాదు గనుక, దానితో సంబంధం దేశభద్రతకు ముప్పని చెప్పుట తగదని కూడ పేర్కొన్నది.

విమర్శ, దేశభద్రత: చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం, ఎన్‌కౌంటర్లు, పౌరసత్వ సవరణ చట్టం, జాతీయ పౌర పట్టిక వంటి అంశాలపై ఛానెల్ ప్రసారాలను ప్రస్తావించి, దాని ధోరణి వ్యవస్థకు వ్యతిరేకమని నివేదికలలో వ్రాశారు. ప్రభుత్వ విధానాలపై విమర్శను వ్యవస్థా వ్యతిరేకతగా పరిగణించరాదని ధర్మాసనం స్పష్టం చేసినది. ఆ పదప్రయోగంలో పత్రికలు ప్రభుత్వాన్ని సమర్థించి తీరవలెనన్న భావన ఇమిడి ఉన్నదని, 19(2) అధికరణంలో చెప్పిన ఏ కారణం క్రిందికిని విమర్శ రాదని తెలిపినది. అట్టి అభిప్రాయాల కొరకు అనుమతి నిరాకరించినచో ఇతర పత్రికలు, ఛానెళ్ళు కూడ భయపడి మాట్లాడుట మానుకొనునని హెచ్చరించినది.

అనుపాత పరీక్ష: హక్కుపై ఆంక్ష విధించునప్పుడు దాని లక్ష్యం న్యాయమైనదా, ఆ లక్ష్యానికి ఈ చర్య ఉపకరించునా, ఇంతకన్న తక్కువ నష్టం కలిగించు మార్గం కలదా, కలుగు మేలుకు హక్కుకు జరుగు హానికి సమతూకం ఉన్నదా అను నాలుగు ప్రశ్నలను వరుసగా పరిశీలించుటయే అనుపాత పరీక్ష. అనుమతి నిరాకరణ న్యాయమైన లక్ష్యంతో జరిగినట్లు కనబడలేదని ధర్మాసనం తేల్చినది. నాలుగు వారాలలో పునరుద్ధరణ అనుమతి ఇవ్వవలెనని, అంతవరకు మధ్యంతర ఉత్తర్వు కొనసాగునని ఆదేశించినది.

సీల్డు కవరు పద్ధతి

ప్రభుత్వం తన ఆధారాలను మూసిన కవరులో న్యాయమూర్తికి మాత్రమే అందజేసి, ఎదుటి పక్షానికి చూపకపోవుటను సీల్డు కవరు పద్ధతి అందురు. పరీక్షలో విద్యార్థికి ప్రశ్నపత్రం ఇవ్వకుండా సమాధానం వ్రాయమనుట ఎట్టిదో, అభియోగం తెలుపకుండా వాదించుకొమ్మనుట అట్టిదే. ఇందులో రెండు లోపాలను న్యాయస్థానం గుర్తించినది. ఎదుటి పక్షానికి తన వాదన చెప్పుకొను అవకాశం పోవును. తీర్పులో కారణాలు వ్రాయలేకపోవుట వలన ప్రజలకు న్యాయవిచారణ కనబడదు.

దీనికి బదులుగా "ప్రజాహిత గోప్యత" అను ప్రక్రియను ధర్మాసనం సూచించినది. దీని ప్రకారం ఏదైనా పత్రాన్ని వెల్లడించరాదని ప్రభుత్వం కోరినప్పుడు న్యాయస్థానం ఒక న్యాయవాదిని అమికస్ క్యూరీ (న్యాయస్థాన మిత్రుడు)గా నియమించవచ్చును. ఆయన పత్రాలను చూడకముందు ఎదుటి పక్షంతో మాట్లాడి వారి వాదనను తెలుసుకొనును. పత్రాలు చూచిన తరువాత వారితో వాటి విషయం చర్చించరాదు. వారి ప్రయోజనం దృష్టిలో ఉంచుకొని న్యాయస్థానం ఎదుట ఆంతరంగికంగా వాదించును. గోప్యత కోరికను అంగీకరించినా, తిరస్కరించినా న్యాయస్థానం కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వవలెను. రహస్యమైన భాగాలను తొలగించి మిగిలిన దానిని, లేదా సారాంశాన్ని ఎదుటి పక్షానికి ఇచ్చు మార్గం కూడ ఉన్నది.

తీర్పు పరిమితులు

ఈ తీర్పు లైసెన్సు విధానాన్ని గాని, భద్రతా అనుమతిని గాని రద్దు చేయలేదు. పునరుద్ధరణ సమయంలో భద్రతా అనుమతి మరల అవసరం లేదని సంస్థ వాదించినను న్యాయస్థానం అంగీకరించలేదు. అది కూడ ఒక షరతేనని తేల్చినది. 2022 మార్గదర్శకాలలో సైతం భద్రతా అనుమతి నిబంధన కొనసాగినది. దేశభద్రత విషయంలో ప్రభుత్వానికి విచక్షణ ఉన్నదని న్యాయస్థానం అంగీకరించినది. ఆ విచక్షణ న్యాయపరీక్షకు అతీతం కాదన్నదే తీర్పు సారం.

కాలం కూడ ఒక పరిమితి. రద్దు ఉత్తర్వు నుండి తుది తీర్పు వరకు పదునాలుగు నెలలు పట్టినది. మధ్యంతర ఉత్తర్వు లభించి ఉండకపోతే అంతకాలం ఛానెల్ నిలచి, ఉద్యోగులు చెదరి, ప్రేక్షకులు ఇతర ఛానెళ్ళకు మరలిపోయి ఉండేవారు. వార్తా సంస్థకు ఆలస్యంగా అందిన న్యాయం వలన ప్రయోజనం తక్కువ.

తెలుగు రాష్ట్రాల అనుభవం

లైసెన్సు రద్దు కాకుండానే ఛానెల్ ప్రేక్షకులకు అందకుండా పోవుట తెలుగు రాష్ట్రాలలో జరిగినది. 2014 జూన్‌లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొద్ది రోజులకు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్ళ ప్రసారాలను కేబుల్ సంస్థలు నిలిపివేసినవి. శాసనసభ్యులను కించపరచు కార్యక్రమం ప్రసారమైనదన్న ఆగ్రహం దీనికి నేపథ్యం. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారిన తరువాత టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ ఛానెళ్ళు అనేక ప్రాంతాలలో కేబుల్‌లో కనబడలేదు. టీవీ9 ప్రసారాలను పునరుద్ధరించవలెనని ఢిల్లీ హైకోర్టు 15 కేబుల్ సంస్థలను ఆదేశించినది.

ఈ రెండు విధాల వివాదాలకు న్యాయపరంగా భేదం ఉన్నది. అనుమతి రద్దు చేసినప్పుడు తేదీ, సంతకం గల ప్రభుత్వ ఉత్తర్వు ఉంటుంది. దానిని రిట్ పిటిషను ద్వారా సవాలు చేయవచ్చును. కేబుల్ నిలిపివేతలో అట్టి ఉత్తర్వు ఉండదు. అది ప్రైవేటు సంస్థల వ్యాపార నిర్ణయంగా కనబడును. ఆజ్ఞ ఎవరిదో నిరూపించుట కష్టం. కనుక మీడియా వన్ తీర్పు ఇచ్చిన రక్షణ ఇట్టి సందర్భాలకు నేరుగా వర్తించదు.

ప్రాముఖ్యత

పూర్వం పత్రికల విషయంలో ప్రభుత్వాల పట్టు న్యూస్‌ప్రింట్ కోటా ద్వారా ఉండెడిది. 1972 నాటి బెనెట్ కోల్‌మన్ కేసులో సుప్రీం కోర్టు పుటల సంఖ్యపై ఆంక్షలను కొట్టివేసి, కాగితంపై నియంత్రణ వార్తపై నియంత్రణ కారాదని చెప్పినది. టెలివిజన్ కాలంలో కాగితం స్థానంలోకి లైసెన్సు వచ్చినది. పది సంవత్సరాలకొకసారి పునరుద్ధరణ కోరవలసిన ప్రతి ప్రాంతీయ ఛానెల్ ఈ విషయంలో మీడియా వన్ వంటిదే. పెద్ద జాతీయ సంస్థలకున్న ఆర్థిక బలం వాటికి ఉండదు. తమపై అభియోగం ఏమిటో తెలుసుకొను హక్కు వాటికి కూడ ఉన్నదని స్పష్టం చేయుట ఈ తీర్పు ద్వారా కలిగిన ప్రధాన ఫలితం.

ముఖ్య తేదీలు

2011 సెప్టెంబరు 30: పది సంవత్సరాల అప్‌లింకింగ్ అనుమతి.
2013 ఫిబ్రవరి 10: ప్రసారాల ప్రారంభం.
2020 మార్చి 6: 48 గంటల నిషేధం, మరునాడు ఎత్తివేత.
2021 డిసెంబరు 29: భద్రతా అనుమతి నిరాకరణ.
2022 జనవరి 31: ప్రసార అనుమతి రద్దు.
2022 ఫిబ్రవరి 8, మార్చి 2: కేరళ హైకోర్టు తీర్పులు.
2022 మార్చి 15: సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు.
2023 ఏప్రిల్ 5: సుప్రీం కోర్టు తుది తీర్పు.